పిన్నీసు

కొత్తపేటలో ఏ మందుల షాపు ముందు నిలబడినా
చీటీ పట్టుకున్న చెయ్యి చూస్తే చాలు.
కొందరు విప్పి చూపిస్తారు,
కొందరు మడిచి మడిచి
బస్సు టిక్కెట్టంత చేస్తారు.

పెద్దాసుపత్రిలో ఏ ఓపీకి మార్చినా
తెరలన్నీ ఒక్కటే.
పన్నెండు రింగులుండాలి, తొమ్మిదే ఉంటాయి.
మూడు చోట్ల గుడ్డ జారి
మంచం మీది మనిషి ముక్కలుగా కనబడుతుంది.
ఇండెంటు పెట్టి రెండేళ్లయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో
నల్లచెరువు నుంచి మీరాంబీ వచ్చేది.
మిర్చియార్డులో తొడిమలు తీసే కూలి.
దగ్గు. అక్కడ దగ్గనిదెవరు గనక?
"ఘాటమ్మా, ఘాటు" అనేది నవ్వి
కొంగు నోటికడ్డం పెట్టుకుని.
కొంగుకి ఇంకా గింజలు అంటుకునే ఉండేవి.

డాక్టరుగారు నడుస్తూనే చెప్పేశారు
"పాజిటివ్. మందులు మొదలెట్టండి."
నడుస్తూనే అంటే, నిజంగా నడుస్తూనే.
ఆమె నా వైపు తిరిగింది:
"మంచిదే కదా సిస్టర్?"

లైన్లో నలభై మంది.
బీపీ మిషను మొరాయిస్తోంది.
కాళ్లు పీకుతున్నాయి.
ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు.
"మంచిదేంటి, టీబీ!" అన్నాను
వరండా చివరిదాకా వినపడే గొంతుతో.

ఆ చివర్లో వాళ్ల మేస్త్రీ చెల్లెలుంది,
మనవణ్ణి చంకనేసుకుని.
నేను చూడలేదు. మీరాంబీ చూసింది.
మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది,
పట్టపగలు ఆర్పడం మర్చిపోయిన లైటులా.

మర్నాటికి తొడిమల కుప్ప దగ్గర ఆమెకు చోటు లేదు.
నెల గడిచినా మందుల అట్టపెట్టె కదల్లేదు,
పైన నా చేతిరాతలో ఆమె పేరు.
ఇంటికి వెళితే తాళం.
"ఏం జబ్బంట?" అంది పక్కింటామె.
నోరు తెరిచాను.
మొదటిసారి, మూసుకున్నాను.

అప్పట్నుంచి నా గాజులకి ఎప్పుడూ మూడు పిన్నీసులు.
ఎవరికి ఏం చెప్పాలన్నా ముందు తెర లాగి
రింగుల్లేని చోట గుచ్చుతాను.
వాళ్ల కళ్లకంటే నా కళ్లు పైన ఉండకుండా
స్టూలు లాక్కుని కూర్చుంటాను.
తెలుగులో చెబుతాను.
ఏం అర్థమైందో వాళ్లని మళ్లీ చెప్పమంటాను.
కొత్తగా వచ్చిన పిల్ల సుహాసిని నవ్వింది:
"గుడ్డకి పిన్నీసు పెడితే రహస్యం ఆగుద్దా సిస్టర్?"
ఆగదు.
కానీ నేను పెట్టడం
పడుకున్న మనిషి చూస్తుంది కదా.

నిన్న పదకొండింటికి
సర్జరీ ఓపీలో, చీటీ పట్టుకుని మా అత్త.
సంపూర్ణమ్మ, అరవై ఒకటి, ఆర్. అగ్రహారం.
నన్ను చూసి వెనక్కి తిరగబోయింది.
పదేళ్లుగా నా మీద ఆవిడకి ఒకటే ఫిర్యాదు,
ఆసుపత్రి కబురొక్కటీ ఇంటికి తేదు, మూగది, అని.
ఏమీ అనలేదు. తెర లాగాను.
ఒకటి. రెండు. మూడు.

జాకెట్టు హుక్కు విప్పి
ఎడమవైపు ఉసిరికాయంత చూపించింది.
"ఎప్పట్నుంచి?"
"క్రిస్మస్ ముందు నుంచి."
ఇది జూన్.
"వాడికి చెప్పమాక."
"మీరు చెప్పేదాకా చెప్పను.
చెప్పేటప్పుడు కావాలంటే పక్కన కూర్చుంటా."
సూది ఎక్కడ దిగుతుందో,
రిపోర్టు ఏ రోజు వస్తుందో,
అది రెండు రకాలుగా ఎలా ఉండొచ్చో చెప్పాను.
మళ్లీ చెప్పమన్నాను.
ఆదివారం బడిలో కంఠతా వాక్యంలా
తప్పు పోకుండా అప్పజెప్పింది.

రాత్రి అన్నాల దగ్గర ఏసుపాదం:
"అమ్మ ఇవాళ మీ గేటు దగ్గర కనబడిందంట,
ఆటో వీరాంజనేయులు చెప్పాడు. ఏంటి?"
గోంగూర కలుపుతున్న అత్త వేళ్లు ఆగాయి.
అబద్ధం ఆడలేను.
నిజం నాది కాదు.
"అమ్మ ఎదురుగానే ఉందిగా" అన్నాను,
"మజ్జిగ పొయ్యనా?"

ఫ్యాను చప్పుడు.
అత్త ముద్ద మింగి నీళ్లు తాగింది.
ఎడంచెయ్యి చాచి
నా గాజుకున్న పిన్నీసొకటి తీసుకుని
పవిటకి గుచ్చుకుంది.
"ఒరే ఏసూ" అంది.